చీమ కుట్టినంత నొప్పి

మా తాత వలీ పహిల్వాన్ వీపును నేలతల్లి ఇంతవరకు చూడలేదు. పుట్టినప్పుడు మంత్రసాని వెల్లకిలా పడుకోబెట్టబోతే, ఆమె మణికట్టు పట్టుకొని మెలితిప్పి, బోర్లా తిరిగి, అప్పుడు తీరిగ్గా ఏడ్చాడు. రైలింజను పట్టాలు తప్పితే క్రేను కోసం కబురు పంపేవాళ్ళు కాదు, తాత ఉండే మెట్టుగూడకు మనిషిని పంపేవాళ్ళు. తాత వచ్చి, మీసం దువ్వుకొని, చంకలో పిల్లను సర్దుకున్నట్టు ఇంజనును పట్టాల మీద సర్ది, ఛాయ్ తాగి పోయేవాడు. ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నా నాలుక తెగిపడాలి. రెండు మూడు ఉంటే మాత్రం ఏమీ కాదు.

ఇంతటి మొనగాడు ఒక మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఒక దవాఖానలో ఇనుప మంచం కోడు పట్టుకొని, "నన్ను కొయ్యకుర్రి, ఇంటికి తోలుర్రి" అని ఏడ్చిన సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పరు. బిక్షం చెప్పాడు. పక్క మంచం మీద ఉన్నవాడు కనుక అతనికి తెలుసు.

వలీకి రెండు పనులుండేవి. పొద్దున తాలీంలో, ఎర్రమట్టి గోదాలో, పిల్లలకు కుస్తీ నేర్పడం. పగలంతా ఇంటి అరుగు మీద విరిగిన చేతులు, తొలగిన భుజాలు సర్ది కట్టడం. కుస్తీ నేర్పేవాడికి ఎముకలు కట్టడం రాక తప్పదు. విరిచినవాడే అతికించాలి గదా! మినప్పిండి, గుడ్డు సొన, వెదురు బద్దలు, పాత చీర పేలికలు అతని సరంజామా. కానీ అసలు మందు అతని నోట్లో ఉండేది.

వచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని, చెయ్యి ఒడిలోకి తీసుకొని, పిల్లిని నిమిరినట్టు నిమిరేవాడు.

"ఏం కాదు బేటా, చీమ కుట్టినంత. ఇయ్యాల ఉత్తగ చూస్తున్న, రేపు కడ్త."

వాడు ఊపిరి వదిలేవాడు.

"ఏ ఊరు మీది?"

"భువనగిరి దగ్గర..."

"మీ అవ్వ పేరేంది?"

వాడు తల్లి పేరు సగం పలికేలోపు ఖటక్! మిగతా సగం అరుపులో కలిసిపోయేది. మెట్టుగూడలో ఎందరి తల్లుల పేర్లు అట్లా వీధి చివరిదాకా పోయాయో లెక్కలేదు. "అయిపాయె, ఇగ ఎందుకు మొత్తుకుంటవ్?" అని వలీ నవ్వేవాడు. అది అబద్ధమని అతనెప్పుడూ అనుకోలేదు. ఒళ్ళు బిగబట్టినవాడి ఎముక కూర్చోదు. నిజం చెప్తే ఒళ్ళు బిగబడతాడు. కాబట్టి నిజం చెప్పకూడదు. అతని ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అది.

అట్లా ఉండగా 1948 సెప్టెంబర్ వచ్చింది. ఇండియా ఫౌజులు సంస్థానం సరిహద్దు దాటాయన్నారు. రేపు వస్తాయన్నారు, మాపు వస్తాయన్నారు. రజాకార్ల భయానికి హిందువుల ఇళ్ళు ఏడాదిగా పొద్దుండగానే తలుపులు వేసుకుంటున్నాయి. ఇప్పుడు ఎవరు ఎవరిమీద పగ తీర్చుకుంటారోనని ముసల్మాన్ల ఇళ్ళు కూడా వేసుకున్నాయి. బేగంపేట దిక్కున విమానం మోత వినిపిస్తే కోళ్ళు సైతం పిలవకుండానే గంప కిందికి దూరేవి.

అట్లాంటి ఒక పొద్దున వలీ భార్య షహర్ బానో, "తలుపు గడియ ఊగుతున్నది, చూసినవా?" అన్నది. ఇంకొకడైతే వడ్రంగిని పిలిచేవాడు. వలీ తాలీంకు పోయి నాల్ ఎత్తుకొచ్చాడు. నాల్ అంటే పహిల్వాన్లు కసరత్తుకు ఎత్తే గుండ్రాయి, నడుమ చేతికి పిడి ఉంటుంది. పదిమంది కలిసి దొర్లించాల్సినదాన్ని వీధంతా చూస్తుండగా ఒక్కడే మోసుకొచ్చి, లోపలి నుంచి తలుపుకు అడ్డం పెట్టాడు. పెట్టి నడుము ఎత్తబోతే గజ్జలో ఏదో జారింది.

ఆ జారుడు కొత్తది కాదు. రెండేళ్ళుగా పేగు అక్కడ నిమ్మకాయంత దిగేది. వలీ దాన్ని వేలితో లోపలికి నెట్టి, లంగోటీ బిగించుకొని, ఎవరికీ చెప్పకుండా తిరిగేవాడు. ఈసారి నెడితే పోలేదు. గట్టిపడింది. వాంతులు మొదలయ్యాయి. షహర్ బానో కేకలు వేసింది గానీ తలుపు ఎట్లా తీయడం? దానికి నాల్ అడ్డం. ఆ నాల్ జరపగలిగిన ఒక్క మనిషీ కడుపు పట్టుకొని నేలమీద ముడుచుకొని ఉన్నాడు. చివరికి పక్కింటి వడ్రంగి బ్రహ్మచారి, అతని తమ్ముడు వెనక గోడ దూకి వచ్చి, దుప్పటిలో చుట్టి, పెళ్ళికూతుర్ని దాటించినట్టు గోడ దాటించి, తోపుడు బండి మీద దవాఖానకు తోశారు. షహర్ బానో పిల్లలతో లోపలే ఉండిపోయింది.

డాక్టరు చూసి, మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టించాడు. "వెల్లకిలా పడుకో. ఒక్కోసారి పేగు దానంతటదే లోపలికి పోతుంది" అన్నాడు.

వలీ పక్కకు తిరిగి పడుకున్నాడు.

"వెల్లకిలా అన్నానయ్యా."

"గిట్ల పంటే పోదా సాబ్?"

"పోదు."

"నేను పహిల్వాన్‌ను సాబ్. నా వీపు ఎన్నడు కింద ఆనలే. ఆనితే చిత్ అయినట్టు. ఇంట్ల సుత పక్కకే పంట."

నర్సు ప్రేమమణి గుంటూరు వైపు మనిషి. "ఇది గోదా కాదు, మంచమండీ. ఇక్కడ మీరు ఓడారని చాటింపు వేసేవాళ్ళెవరూ లేరు" అంటూ భుజం పట్టి తిప్పింది. తిరిగాడు. కానీ వీపు మంచానికి ఆనకుండా రెండు అరచేతులూ నడుము కింద పెట్టుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చిందని తెలిసి కూడా పెట్టుకున్నాడు. ఇట్లాంటి మనిషికి మనవలుగా పుట్టడం సులువు కాదు.

పేగు లోపలికి పోలేదు.

"పొద్దుగూకేలోపు కొయ్యాలి" అన్నాడు డాక్టరు. "ఆలస్యం చేస్తే పేగు చచ్చిపోతుంది. అప్పుడు నిన్ను కాపాడటం నా చేతుల్లో ఉండదు." అని, మరీ బెదరగొట్టానేమో అనుకొని, వలీ చెయ్యి తన చేతిలోకి తీసుకొని నిమిరాడు. "ఏం భయం లేదు. నొప్పే తెలియదు. చీమ కుట్టినంత."

వలీ ఆ చేతి వైపు చూశాడు. ఆ మాట తనది. ఆ నిమురుడు తనది. ఆ మాటకీ నిమురుడుకీ తర్వాత ఏం వస్తుందో లోకంలో అతనికన్నా బాగా ఎవరికి తెలుసు? చెయ్యి లాక్కున్నాడు. "కొయ్యొద్దు" అన్నాడు. "ఇంటికి పోత."

డాక్టరు పోయాక ప్రేమమణి తడిగుడ్డతో వచ్చింది. మనిషిని కాస్త మాటల్లో పెడదామని, "మీదే ఊరండీ? పిల్లలెంతమంది?" అని అడిగింది.

వలీ మంచం మీద ఎగిరి కూర్చున్నాడు. "దగ్గరికి రాకు! సూది ఏడ దాచినవ్?"

"సూదేమిటండీ! మొహం తుడుద్దామని."

"ఊరు పేరు అడిగినవ్ గద! నాకు ఎరుక లేదనుకున్నవా? నేను ఈ పని ఇరవై ఏండ్ల సంది చేస్తున్న!"

పాపం ఆ తల్లికి ఏం అర్థమవుతుంది!

వలీ లేచి గోడ పట్టుకొని వార్డు తలుపుదాకా నడిచాడు. వరండా చివర గేటుకు గొలుసు వేసి తాళం పెట్టారు. "రోడ్డు మీదికి పోతే కాలుస్తరట పహిల్వాన్. లోపలికి నడువు" అన్నాడు చౌకీదారు. గేటు బయట బజారు ఖాళీగా ఉంది. ఒక కుక్క మాత్రం, ఊరంతా తనదే అయినట్టు, రోడ్డు మధ్యన పడుకొని ఉంది. గజ్జలో మళ్ళీ పోటు వచ్చి వలీ అక్కడే ముడుచుకున్నాడు. ఇంటి తలుపుకు తాను పెట్టిన రాయి, ఇక్కడ ఇంకొకరు పెట్టిన గొలుసు. ఇంట్లో భార్యాపిల్లలు ఎట్లున్నారో తెలియదు. ఉంటే పేగు చంపుతుంది, పోతే తుపాకి చంపుతుంది. సరే కొయ్యమందామా అంటే, నమ్మడానికి ఒక్క మాట లేదు. ఎవరు ఏ ధైర్యం చెప్పినా అందులో తన గొంతే వినిపిస్తున్నది.

చౌకీదారు మోసినట్టుగా తెచ్చి మంచం మీద పడేశాడు. అప్పుడు పక్క మంచం నుంచి ఎవరో నవ్వారు.

"నన్ను ఎరుకపట్టలేవా పహిల్వాన్?"

సికింద్రాబాద్ స్టేషన్‌లో మూటలు మోసే హమాలీ బిక్షం. అతనికీ అదే పేగు, అదే గజ్జ, కోత అయి వారం దాటింది. మోచెయ్యి ఎత్తి చూపించాడు.

"గీ చెయ్యి ఎరుకేనా? నువ్వు కట్టిందే. మా అవ్వ పేరు సుత నీకు ఎరుక ఉండాలె. మీ గల్లీకంత ఎరుకే."

వలీ గుర్తుపట్టాడు. "లచ్చమ్మ" అన్నాడు చిన్నగా.

"ఆఁ. 'లచ్చ' దాక నేను చెప్పిన. తక్కినది నువ్వు చెప్పించినవ్."

"బిక్షం, నీకు దండం పెడ్త. నీకు కోసిండ్రు గద. ఎట్లుంటది? నిజం చెప్పు."

బిక్షం ఈ ఘడియ కోసం మూడేళ్ళుగా ఎదురుచూసినట్టు మీసాల్లో నవ్వుకున్నాడు. "ఏం కాదు బేటా. చీమ కుట్టినంత."

వలీ మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఇంజను అంత మనిషి, శబ్దం రాకుండా మంచం కోడు పట్టుకొని ఏడ్చాడు. "నన్ను ఇంటికి తోలుర్రి" అన్నాడు, ఎవరితోనో. బిక్షం నవ్వు ఆగిపోయింది. ఒక చేత్తో కుట్లు అదిమి పట్టుకొని మెల్లగా లేచి, వచ్చి వలీ మంచం అంచున కూర్చున్నాడు.

"తప్పైంది పహిల్వాన్. ఇను, నిజమే చెప్త. నిన్ను ముందు కూసుండవెట్టి నడుము వంచుమంటరు, మూట ఎత్తేటప్పుడు మేం వంగినట్టు. వెన్నుల సూది ఏస్తరు. అది నొప్పే. చీమ గాదు, తేలు. కాని ఒక్కటే తేలు, కుట్టి పోతది. ఎన్క కాళ్ళు ఎచ్చగైతయి, మొద్దుబారుతయి. ఎవలో ఆడ మరిచిపోయిన కాళ్ళ లెక్క ఉంటయి. కోసేటప్పుడు గుంజినట్టు, సదిరినట్టు తెలుస్తది, నొప్పి తెల్వది. భయమైతది. కండ్లు మూసుకో."

"ఎన్క?"

"ఎన్క కాళ్ళు తిరిగొస్తయి. ఆటితోని నొప్పి సుత వస్తది. అగో, అప్పుడున్నది నీకు పండుగ."

"ఎంత నొప్పి?"

"గజ్జల నిప్పులు పోసుకున్నంత. నేను మగోణ్ణని పండ్లు గిట్టగరిచి పన్న. అదే నేను చేసిన పిచ్చిపని. ముదరనిస్తే సూది సుత జల్ది పనిచెయ్యది. నొప్పి ఎక్కుతుంటనే పిలువాలె. సిస్టర్ సూది ఏస్తది, నొప్పి ఉంటది గని దూరంగ ఉంటది, పక్కింట్ల లొల్లి అయినట్టు. నిద్ర వస్తది. దగ్గు వస్తే తలకింది మెత్త కుట్ల మీద అదిమి పట్టు. నవ్వుడు ఒద్దు. అన్నిటికంటె నవ్వే చెడ్డది. లేచి నడువుమంటరు, తిట్టుకుంట నడువు. నడిస్తేనే జల్ది మంచిగైతది."

"ఎప్పటికి పోతది?"

"గా దినం పోతదని చెప్పరాదు. ఒక పొద్దు గంజి తాగినంక యాదికొస్తది, అరే, తాగినంత సేపు నొప్పి ముచ్చటే మరిచిన అని. గట్ల పోతది. బరువు మాత్రం ఎన్నో నెలలు ఎత్తొద్దన్నరు. నువ్వైతే అసలే ఎత్తొద్దు."

వలీ అతని కళ్ళలోకి చూశాడు. "అబద్ధం చెప్తలేవు గద?"

"అబద్ధమాడేటోడు గింత చెడ్డగ చెప్తడా?"

చీమ అంటే వలీకి భయం వేసింది గానీ, తేలు అంటే వేయలేదు. తేలుకు ఎదురు నిలబడటం తెలుసు. ఏ పట్టు ముందు వస్తుందో, ఏది తర్వాత వస్తుందో తెలిస్తే ఎంతటి పహిల్వాన్‌తోనైనా గోదాలోకి దిగవచ్చు. కళ్ళకు గంతలు కట్టి దింపితేనే కాళ్ళు వణికేది. ఇరవై ఏళ్ళుగా తన అరుగు మీద కూర్చున్నవాళ్ళ కళ్ళకు తాను కట్టింది ఆ గంతలేనని అప్పుడు తట్టిందో లేదో బిక్షం చెప్పలేదు.

"సిస్టర్" అని పిలిచాడు. "దార్లు బందైనయి గద. నొప్పికి ఏసే సూదులు ఉన్నయా?"

ప్రేమమణి తటపటాయించింది. బిక్షం వైపు చూసింది. "ఉన్నాయి. ఎక్కువ లేవు. మీకు రెండు రోజులకు సరిపోతాయి, ఆపైన మాత్రలతో సరిపెట్టాలి. నొప్పి ఉంటుందండీ. ఇందాక మేం లేదన్నది మీ ధైర్యం కోసం."

"నా ధైర్యం సంగతి నేను చూసుకుంట. నువ్వు నిజం చెప్పు చాలు. నేను పిలిస్తే వస్తవా?"

"వస్తాను. ఇంకో వార్డులో ఉంటే కొంచెం ఆలస్యమవుతుంది. కానీ వస్తాను."

ఆ 'కొంచెం ఆలస్యం' అన్న మాటతో వలీకి ఆమె మీద పూర్తిగా నమ్మకం కుదిరింది. "డాక్టర్‌ను కొయ్యుమను" అన్నాడు.

బల్ల మీద కూర్చోబెట్టి నడుము వంచారు. వెనక నుంచి డాక్టరు, "మీ పిల్లలు ఏం చదువుతున్నారు?" అన్నాడు.

"పిల్లల ముచ్చట ఎన్క సాబ్. గుచ్చేముందు గుచ్చుతున్న అని చెప్పుర్రి."

డాక్టరు ఆగాడు. అట్లా అడిగినవాడు అతనికి ఎప్పుడూ తగల్లేదేమో. "సరే. గుచ్చుతున్నాను" అన్నాడు.

తేలు కుట్టింది. ఒక్కటే. బిక్షం అబద్ధం చెప్పలేదు. కాళ్ళు వెచ్చబడి, ఎవరివో అయ్యాయి. తర్వాత నలుగురు కలిసి వెల్లకిలా పడుకోబెట్టారు. చేతులు రెండు పక్కలా చాపి పట్టుకున్నారు కనుక నడుము కింద పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. వీపు మొత్తం బల్లకు ఆనింది. వలీ కళ్ళు మూసుకున్నాడు.

ఆ సాయంత్రమే రేడియోలో సంస్థానం లొంగిపోయిందని చెప్పారు. వలీని వార్డుకు తెచ్చేసరికి అందరూ గుసగుసలాడుతున్నారు. బిక్షం ఒక్కడే గట్టిగా అన్నాడు: "పహిల్వాన్, నిజాం ఫౌజు ఐదు దినాలు నిలవడ్డది. నువ్వు ఒక్క సూదికే చిత్ అయితివి గద!"

కాళ్ళు తిరిగొచ్చాయి. వాటితోపాటు నొప్పి వచ్చింది. అది వస్తుందని తెలుసు గనుక వలీ దానికోసం చూస్తూనే ఉన్నాడు, అయినా అంతుంటుందని అనుకోలేదు. పళ్ళు బిగించాడు. బిక్షం మంచం మీద నుంచే చెయ్యి ఊపి, పిలువు, పిలువు అన్నాడు. "సిస్టర్! ఎక్కుతున్నది!" అని అరిచిన అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది, బయట ఫౌజు వచ్చిందనుకొని. ప్రేమమణి వచ్చింది, కొంచెం ఆలస్యంగానే. సూది వేసింది. నొప్పి పక్కింటికి పోయింది.

ఫౌజు మరునాడు నిజంగానే వచ్చింది. నడవగలిగినవాళ్ళంతా కిటికీల దగ్గర గుమికూడారు. వలీ లేవలేడు. లారీలు, గొలుసు చక్రాల బండ్లు పోతుంటే నేల అదిరి, ఆ అదురు మంచం కోళ్ళలోంచి ఎక్కి ఒక్కో కుట్టులోనూ పలికింది. కిటికీ దగ్గర ఎవరో జై కొడుతున్నారు, ఎవరో నోరు మూసుకొని నిలబడ్డారు. మెట్టుగూడలో ఏం జరుగుతున్నదో చెప్పేవాడు లేడు. మెత్త కుట్ల మీద అదిమి పట్టుకొని, పైకప్పు దూలం చూస్తూ పడుకోవడం తప్ప అతనికి ఇంకేమీ చేతకాలేదు. ఆ రోజూ ఏడ్చాడు, నొప్పికి కాదు, ఇంటి మీది బెంగకంటాడు బిక్షం. రెండింటికీ అయి ఉంటుంది.

బజారు తెరుచుకున్నాక బ్రహ్మచారి వచ్చాడు.

"అందరు మంచిగున్నరు. పిల్లలు మా ఇంట్లనే తింటున్నరు."

"తలుపు మంచిగ ఏసుకొని ఉంటున్నరా?"

"తలుపు ఏడ తీస్తరు? గా నాల్ ఎవ్వనికి జరుగుతలేదు. అందరం గోడ దునికే పోతున్నం, వస్తున్నం. మీ ఆమె సుత దునుకుతున్నది. ఆమె తిట్లు నిన్ను తిడుతున్నది, దెబ్బలు నాకు తగులుతున్నయి."

వలీకి నవ్వు వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. నవ్వి, "అయ్యో, అమ్మా!" అని మెత్త పట్టుకొని మెలికలు తిరిగాడు. "నేను ముందే చెప్పిన, నవ్వు అన్నిటికంటె చెడ్డదని" అన్నాడు బిక్షం, తృప్తిగా.

ఇంటికి వచ్చాక వలీ మళ్ళీ నాల్ ముట్టలేదు. తాలీం పిల్లలంతా కలిసి దాన్ని తలుపు దగ్గరి నుంచి దొర్లించుకుపోయారు. ఆరునెలలకు అరుగు మీద కూర్చున్నాడు. మొదట వచ్చినవాడి చెయ్యి పట్టుకొని, "నొప్పి అయితది. గట్టిగ అయితది. ఊపిరి తీసి వదిలేలోపు అయిపోతది. గుంజేముందు చెప్త" అన్నాడు. వాడు విరిగిన చేతితోనే పరుగెత్తి ఇంకో పహిల్వాన్ దగ్గరికి పోయాడు. అట్లా చాలామంది పోయారు. షహర్ బానో నెత్తి కొట్టుకుంది. ఉండిపోయినవాళ్ళు మాత్రం అరిచారు గానీ కదలలేదు. చిన్నపిల్లలు వస్తే మాత్రం ఇప్పటికీ అవ్వ పేరు అడుగుతాడు, ఆ గుణం పూర్తిగా పోలేదు.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు కునుకు తీశాడు. "తాతా, నీ ఇజ్జత్ పోతది. ఏడ్చిన ముక్కలు తీసేస్త. నొప్పి లేకుంటనే అయిపోయిందని రాస్త" అన్నాను.

"తీసినవంటే చెవి మెలిపెడ్త" అన్నాడు. "ఏడ్చిన అని రాయి. సూది అడుక్కొని ఏపిచ్చుకున్న అని సుత రాయి. రేపు ఇంకెవడో గా మంచం మీద పంటడు. వాని పక్కన బిక్షం ఉంటడని నీకేం ఎరుక?"